శనివారం ఏం చేస్తారు?

మా ఆయన విక్టర్ పనిచేసే ఫ్యాక్టరీకి జపాన్ నుంచి కొత్త మేనేజర్ వచ్చారు. ఆయనతో నాలుగు మాటలు కలపడానికని ఈయన జపనీస్ నేర్చుకుంటూ, రోజూ అన్నం తిన్నాక నన్ను మేనేజర్ స్థానంలో కూర్చోబెట్టేవారు.

"షూమత్సు వ నాని ఒ షిమస్ క?" అని నా కళ్లలోకి చూసి అడిగేవారు. ఈ శని, ఆదివారాలు ఏం చేస్తారు అని.

పుస్తకంలో ఉన్న జవాబు 'సినిమాకు వెళ్తాను'. నేను ఒక్కో మాటా వెతికి పేర్చుకుని, 'శనివారం మా ఆయనతో షామీర్‌పేట చెరువుకు వెళ్తాను' అని జపనీస్‌లోనే చెప్పాను.

"మస్తు జెప్పినవ్ ఝాన్సీ!" అన్నారు.

శనివారం పొద్దున్నే పులిహోర కలిపి, డబ్బాకెత్తి, ఇస్త్రీ చీర కట్టుకున్నాను.

"ఏడికి తయారైనవ్?"

"చెరువుకు. మీరే అడిగిండ్రు గదా."

ఆయన పకపకా నవ్వారు. "నిన్నెక్కడ అడిగిన? మా సార్‌ను అడిగిన! నువ్వు జెప్పిన చెరువుకే ఇయ్యాల సార్‌ను తీస్కపోతున్న. జల్దీ, గా పులిహోర ఇటియ్యి."

డబ్బా ఇచ్చేశాను. బండి చప్పుడు దూరమయ్యాక, 'ఇంట్లోనే ఉంటాను' అని జపనీస్‌లో ఎలా చెప్పాలో పుస్తకంలో వెతుకుతూ కూర్చున్నాను.