దూరపు చూపు

ఎదురుగా మేడ మీదున్న ఆన్‌లైన్ సెంటర్‌లో ఫోన్ మోగింది.

అక్కడ పనిచేసే నవీన్ కంప్యూటర్ ముందు నుంచి లేచాడు. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కళ్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కన్నార్పకుండా ఇటువైపే చూడసాగాడు.

ఇటువైపు వరండాలో సింధూజ పరీక్షకు చదువుకుంటోంది.

"చూసినవా బిడ్డా?" తలుపు చాటు నుంచి పార్వతమ్మ కొడుకుతో అంది. "పొద్దటి సంది గిదే కథ. ఫోన్ మోగుతది. వాడు కిటికీకాడికి వస్తడు. మన పిల్ల దిక్కు గుడ్లప్పగించి చూస్తడు. మల్ల పోయి కూసుంటడు. నిప్పు లేంది పొగ రాదు. ఆ ఫోన్ చేసేది ఎవరో నీకు నేను చెప్పాల్నా?"

శ్రవణ్ కుమార్‌కు గద్వాలలో ఉద్యోగం. సెలవు పెట్టి వనపర్తికి వచ్చి ఇంకా పూట కూడా కాలేదు. తల్లి వడ్డించిన కంచం అలాగే వదిలి లేచాడు.

ముందు చెల్లెలి చెంప పగలగొట్టాడు. తర్వాత ఆమె ఫోన్ లాక్కొని బండకేసి కొట్టాడు.

"అన్నా, వాడెవడో నాకు తెల్వదు," అంది సింధూజ ఏడుస్తూ. తల్లి మీద ఒట్టేసింది. పరువు తలకెక్కిన అన్నలకు ఒట్లు వినిపించవు.

గోడకు ఆనించిన, పారకు వేసే కర్ర కామ అందుకొని శ్రవణ్ వీధి దాటాడు. చిన్నాయన కొడుకు శ్రీశైలం వెంట నడిచాడు. దొంగను దొంగతనం చేస్తుండగానే పట్టుకోవాలని ఇద్దరూ మెట్ల మీద కాచుకున్నారు.

మళ్లీ ఫోన్ మోగింది. చెల్లెలి ఫోన్ ఇంట్లో ముక్కలై పడి ఉందన్న సంగతి ఆ కోపంలో శ్రవణ్‌కు తట్టనే లేదు. తలుపు తన్నాడు.

నవీన్ కిటికీ దగ్గరే ఉన్నాడు. కళ్లకు అద్దాలు లేవు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది మోచేతి మీద. ఎముక పటుక్కుమంది.

"ఎవరన్నా మీరు? నేనేం చేసిన?"

శ్రీశైలం డొక్కలో తన్నాడు. నవీన్ బల్ల మీద బోర్లా పడ్డాడు. పన్ను ఊడి, కీబోర్డు నిండా నెత్తురైంది. శ్రీశైలం అతని జుట్టు పట్టి తల పైకెత్తి, మొహం మీదికి పిడికిలి లేపాడు.

"కండ్ల మీద కొట్టకురా," అన్నాడు శ్రవణ్ గబుక్కున. "యాడన్న కొట్టు. కండ్ల మీద వద్దు."

శ్రీశైలం పిడికిలి దించి అతన్ని నేల మీదికి తోశాడు. శ్రవణ్ చెయ్యి మాత్రం ఆగలేదు. భుజం, తొడ, మళ్లీ వీపు.

"ఆడపిల్ల దిక్కు చూస్తవా? పానం తీస్త ఇయ్యాల."

"ఏ ఆడపిల్లన్నా? నాకెవ్వలు కనవడలే. సంపకుండ్రి అన్నా, మా అమ్మకు నేనొక్కన్నే."

ఏడుస్తూ నేలంతా తడుముకుంటున్నాడు. జేబులోంచి జారిపడ్డ అద్దాలు చేతికి తగిలాయి. ఒక అద్దం పగిలింది. బాగున్న చేత్తో ఎలాగో పెట్టుకున్నాడు.

"ఇప్పుడన్న చెప్పు," శ్రవణ్ కామ పైకెత్తాడు. "గా కిటికీల నిలబడి ఏం చూస్తున్నవ్?"

నవీన్ తలెత్తాడు. పగలని అద్దంలోంచి, తనను కొడుతున్న మనిషి మొహం మొదటిసారి చూశాడు. అతని భయమంతా పోయింది. అయినవాళ్లు కనబడినట్టు, బాగున్న ఒక్క చెయ్యీ ఎత్తి దండం పెట్టాడు.

"మీరా, కండ్ల డాక్టర్ సార్... మొన్న గద్వాలల మీరు చెప్పినట్లే ఫోన్‌ల అలారం పెట్టుకొని, ఇరవై నిమిషాలకోపారి అద్దాలు తీసి కిటికీలకెల్లి దూరం చూస్తున్న సార్, మంట జర తగ్గింది."