మిగిలిన వరస

"ఇందుల పాట లేదా అన్నా? ఉత్త పిల్లనగ్రోవేనా?" చిలుకమ్మ నవ్వింది.

"ఉత్త పిల్లనగ్రోవే చెల్లె. విన్న వరసనే కడ్తున్న. జనగామ సభల ఒక్కన్నే వాయిస్త," అన్నాడు ఆమె ఇంటికొచ్చిన యోహాను. సంఘానికి పాటలు కట్టేది అతనే.

అతను మొదలుపెట్టగానే ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. అది తన మగడు సాయిలు గొర్ల వెంట తిరుగుతూ వాయించే వరస. పెళ్లయిన నెలకే అతను రజాకార్లతో పోరాడే దళంలో చేరాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు జొన్నచేలోంచి ఆ వరసే వినబడేది. ఆమె చెంబుతో నీళ్లు ముంచేది.

యోహాను మధ్యలో ఆగాడు. "గీడిదాంకనే విన్న. ముగింపు ఎట్లుంటది చెల్లె?"

"నీకెట్ల తెలుస్తది? బయట పూర్తి జెయ్యడు గద. కాళ్లు కడుక్కొని గడప దాటినంకనే మిగిలింది వాయిస్తడు, నాకొక్కదానికే." సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయినా నన్నడుగుడెందుకు? దళంల నీ పక్కపొంటనే ఉంటడు గద. ఆయన్నే అడగరాదు?"

యోహాను పిల్లనగ్రోవిని ఒళ్లో పెట్టుకుని, దాని రంధ్రాలను వేలితో తడుముతూ ఉండిపోయాడు.

చిలుకమ్మ నోటి మీది కొంగు తీయలేదు.

"ఎప్పుడు, అన్నా?" అంది.

"మొన్న. బచ్చన్నపేట కాడ, రజాకార్ల కాల్పులల."

ఆమె లేచింది. చెంబు నిండా నీళ్లు ముంచి గడప అవతల పెట్టి వచ్చింది.

"మొదటినుంచి వాయించన్నా," అంది. "నువ్వాగినకాడ నేనందుకుంట."