దూడ అరుపు

మంగళవారం ఉదయం 5.10కి, దూడ చచ్చిపోయినప్పటి నుంచి మూడు రోజులుగా చుక్క విడవని బర్రె పాలు చేపింది.

దబీర్‌పురాలో పాల వ్యాపారం చేసే వేణుగోపాల్‌కు పాత ఫోన్లు విప్పి కొత్త పనులు చేయించడం అలవాటు. దూడ తోలులో గడ్డి కూరి బర్రె ముందు నిలబెట్టమని అందరూ చెప్పారు. అతను వినలేదు. దూడ బతికున్నప్పుడు తీసిన వీడియోలోంచి అరుపు ఒక్కటే కత్తిరించి, చిన్న స్పీకరులో పెట్టి గోడకు కట్టాడు.

"చూసినవా అఖిలా! వాసన అక్కర్లే, బొమ్మ అక్కర్లే. చెవిల పడితే చాలు, మెదడు మోసపోతది. మస్తు సైన్సు ఇది."

"దూడ లేదని దానికి ఎరుక లేదా?" గుమ్మంలోంచి భార్య అడిగింది.

"బర్రెకేం ఎరుక?"

అతను చెంబు దించి తిరిగి చూశాడు. అఖిల రవిక ముందు భాగమంతా తడిసి ఉంది.

వాళ్ల బిడ్డ పుట్టిన నాలుగో రోజు చనిపోయింది. పూడ్చిపెట్టి వారమైంది.

వేణుగోపాల్ స్పీకరు వైరు పీకబోయాడు.

"నాకు ఎరుకేనయ్యా," అంది అఖిల. "ఎరుకున్నా పాలు ఆగుతలేవు. బంద్ చెయ్యకు. ఇంకొంచెం సేపు అరవనియ్యి."

మళ్లీ పాలు పితికేది, ఆ అరుపు మళ్లీ వినిపించేది సాయంత్రం నాలుగున్నరకు.