అమ్రాబాద్‌లో తెరుచుకోని పేజీ

“రియాక్టా, స్వెల్టా? ఇయ్యాల తేలిపోవాలె,” అన్నాడు దివాకర్, మీటింగ్ గది తలుపు మూస్తూ.

మహబూబ్‌నగర్‌లో ఆయనది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అమ్రాబాద్ చుట్టుపక్కల మహిళా సంఘాలు అడవి తేనెను నేరుగా పట్నం వాళ్ళకు అమ్ముకునే వెబ్‌సైట్ కట్టే పని దొరికింది. పేజీలో కనిపించే ప్రతి బొమ్మనూ బటన్‌నూ మొదటి నుంచి రాసుకునే ఓపిక ఈ రోజుల్లో ఎవరికీ లేదు. రియాక్ట్, స్వెల్ట్ లాంటి, ఎవరో ముందే రాసిపెట్టిన లైబ్రరీ ఒకటి ఎంచుకుని దాని మీద కడతారు. ఏది ఎంచుకోవాలన్న దగ్గరే తగువంతా.

“స్వెల్టే మేలు సార్,” అంది సుహాసిని. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు కానీ ఎవరికీ జంకే రకం కాదు. “ఫోన్ల దిగే కోడ్ చిన్నగుంటది. అడవి పొంటి ఊర్లు, సిగ్నల్ అంతంతమాత్రమే ఉంటదేమో. పాత ఫోన్లుంటయ్.”

“ఉంటయని నీకెవరు చెప్పిన్రు?” గోపీకృష్ణ గొంతు అవసరమైనదాని కన్నా గట్టిగా వచ్చింది. టీమ్‌కు పెద్ద అతనే. “రియాక్ట్ అయితే అన్ని తయారుగ దొరుకుతయ్. పని తెలిసినోళ్ళు దొరుకుతరు. ఏడన్న ఆగితే అడగనీకి లోకమంత ఉన్నది. స్వెల్ట్ తోని ఇరుక్కుంటే ఎవర్ని అడుగుతం?”

అందులో అబద్ధమేమీ లేదు. అయినా సుహాసిని వదల్లేదు.

“అన్నా, ఆడ పేజీనే తెరుచుకోకుంటే ఇవన్నెందుకు?”

“మనల ఎవరికన్న అటు దిక్కు తెలుసా?” అడిగాడు దివాకర్.

సుహాసిని తల అడ్డంగా ఊపింది. గోపీకృష్ణ తల దించుకుని ల్యాప్‌టాప్‌లో ఏదో వెతుక్కున్నాడు.

“అయితే ఇగ రియాక్టే,” అని దివాకర్ లేచాడు. సుహాసిని మూతి ముడుచుకుంది.

గోపీకృష్ణ పనిదొంగ కాదు. సైట్ బ్రహ్మాండంగా కట్టాడు. తెర మీద తేనె ధారగా జారి సీసా నిండుతుంది, వేలు పెడితే ఇప్పపూలు రాలుతాయి. ఒక్కో హంగుకూ ఒక్కో కోడ్ ప్యాకేజీ తగిలించి పేజీ బరువు పెంచుకుంటూ పోయాడు. ఆఫీసు వైఫైలో పేజీ చిటికెలో వచ్చేది. “ఏదన్న పాత ఫోన్ల చూద్దమా అన్నా?” అని సుహాసిని అడిగినప్పుడల్లా “చూద్దం తియ్,” అనేవాడు. చూడలేదు.

సంఘాల వాళ్ళకు చూపించాల్సిన రోజు పొద్దున్నే అతనికి తలనొప్పి పట్టుకుంది. “మీరు పోయి రాండ్రి సార్,” అన్నాడు. “కట్టినోడివి నువ్వు రాకుంటే ఎట్ల?” అని దివాకర్ బలవంతాన కారెక్కించాడు. అచ్చంపేట దాటాక గోపీకృష్ణ సీట్లో కిందికి జారి కూర్చున్నాడు.

అమ్రాబాద్ సంఘం హాలులో, ఊరికొకరు చొప్పున వచ్చిన ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. అందరికన్నా ఆఖరున వచ్చినామె గుమ్మంలోనే ఆగింది. ముఖమంతా నవ్వుతో ఏదో అనబోయింది.

“రామ్మా, కూసో,” అన్నాడు దివాకర్. “మీ వెబ్‌సైట్ కట్టింది ఈ గోపీకృష్ణ సారే. పక్కా హైదరాబాద్ మనిషి. మీ కోసం ఇంత దూరం వచ్చిండు.”

ఆమె గోపీకృష్ణ వైపు చూసింది. అతను ప్రొజెక్టర్ వైరు సరిచేసుకుంటున్నాడు.

“నమస్తే సార్. నా పేరు స్వరూప,” అని మెల్లగా వచ్చి కూర్చుంది.

అందరూ ఫోన్లు తీసి సైట్ తెరిచారు. తెరలు తెల్లబడ్డాయి. నడుమ ఒక సున్నా తిరగడం మొదలుపెట్టి, తిరుగుతూనే ఉంది.

“గిదేంది సార్, తిరుగుడే గని వచ్చుడు లేదు?” అంది గుర్వమ్మ. వచ్చినవాళ్ళలో పెద్దామె. “మా ముసలాయన్ని దుకాణం కాడికి తోలినట్టే ఉన్నది.”

హాలంతా నవ్వింది. గోపీకృష్ణ చెవులు కాలిపోయాయి. “జర ఆగుండ్రి, వస్తది,” అన్నాడు. రాలేదు. ‘నేను ముందే చెప్పలేదా’ అని సుహాసిని అననైనా అనలేదు. అంటే కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

“నవ్వులాట కాదు సార్,” గుర్వమ్మ గొంతు మారింది. “ఈ నెలల తేనె దింపుతరు. గిండ్ల ఎక్కియ్యకుంటే మల్ల ఆ షావుకారి గడపే తొక్కాలె. ఆయనేం ధర చెప్తే గదే ధర. మా ఫోన్లు గిట్లుంటయని ఒక్క మాట అడిగితే ఏం పోయె? పట్నపోల్లకు మా తిప్పలేం ఎరుక!”

“ఊకో పెద్దమ్మా,” అంది స్వరూప. “సార్‌నెందుకు అంటవ్? ఆయనకు మన దిక్కు ఎట్ల ఎరుకైతది?”

ఆ మాటతో గోపీకృష్ణ తల పూర్తిగా వాలిపోయింది. తిట్టినా ఇంత సిగ్గుపడేవాడు కాదు. నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

“తప్పు నాదే,” అన్నాడు లేచి. “సుహాసిని ముందే చెప్పింది, నేనే వినలే. ఈ హంగులన్ని తీసేసి, చిన్న లైబ్రరీ తోని మల్ల కడ్త. ఈడికే వచ్చి మీ ఫోన్లల్ల చూస్త. తేనె దింపేటాల్లకు ఇస్త.”

గుర్వమ్మ నమ్మీ నమ్మనట్టు తలూపింది. స్వరూప మాత్రం లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

“తాగుండ్రి సార్. ముఖమంత వాడిపోయింది.”

అతను ఆమె వైపు చూడకుండానే తాగాడు.

తిరుగు ప్రయాణంలో దివాకర్ అన్నాడు: “ఆ స్వరూప మంచిది కాబట్టి బతికిపోయినం. లేకుంటే గుర్వమ్మ మనల్ని ఉతికి ఆరేసేది.”

గోపీకృష్ణ కిటికీ వైపు తిప్పుకున్న ముఖం తిప్పుకున్నట్టే ఉంది. అచ్చంపేట దగ్గరపడుతుండగా సిగ్నల్ వచ్చి అతని ఫోన్ మోగింది. స్వరూప పంపిన ఒకే ఒక్క మెసేజ్.

“నిన్ను సార్ అన్న సంగతి బాపుకు చెప్పను తమ్మీ.”