మూడో నాలుగో

చేరిన మొదటిరోజే పెద్దావిడ అతని తప్పు పట్టుకుంది.

ఆస్పత్రి రికార్డుల గది అది. డాక్టర్లు రాసిన కాగితాలు చదివి, ప్రతి గాయానికీ ఒక కోడు నంబరు వెయ్యడం అక్కడి పని. అతను వేసిన నంబరులో మూడు కొట్టేసి, నాలుగు వేసింది ఆవిడ.

“అరికాల్లో ఏదైనా గుచ్చుకుని, లోపల ఏమీ మిగలకపోతే మూడు. ముక్క ఉండిపోతే నాలుగు. ఒక్క అంకే కదా అని తేలిగ్గా తీసుకోకు బాబూ. తర్వాత చూసే డాక్టరు ఆ అంకెనే నమ్ముకుంటాడు.”

అతనికి ఒళ్ళు మండిపోయింది. ఎవరు ఎవరికి చెబుతున్నారు!

ఆ మూడు వల్లే కదా చెల్లెలి పాదం పోయింది.

ఆరేళ్ళ కిందట చెల్లెలి చెప్పులోంచి కాల్లోకి మేకు దిగింది. ఈ ఆస్పత్రిలోనే మేకు లాగేసి కట్టు కట్టారు. మేకుతోపాటు లోపలికి పోయిన చెప్పు ముక్క, శనగగింజంత రబ్బరు, లోపలే ఉండిపోయింది. కాలు వాచి రెండుసార్లు తిరిగొస్తే, కాగితంలో మూడు ఉంది, అంటే లోపల ఏమీ లేదు కదా అని మాత్రలిచ్చి పంపేశారు. చివరికి ఇంకో ఆస్పత్రిలో పాదం తీసేయాల్సి వచ్చింది. అప్పటికి పందొమ్మిదేళ్ళ పిల్ల.

అమ్మ ఒక్కతే ఈ ఆస్పత్రికొచ్చి నిలదీసింది. మేకు తీసిన సర్జనుగారు ఆవిణ్ణి మర్యాదగా కూర్చోబెట్టాడు. తాను సరిగ్గానే చెప్పాననీ, కింద రికార్డుల గదిలో ఎవరో ఒకావిడ నంబరు తప్పు వేసిందనీ ఎంతో బాధపడుతూ చెప్పాడు. అమ్మ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది.

అతను ఏడవలేదు. పళ్ళు బిగించి ఈ పని నేర్చుకున్నాడు. పరీక్ష పాసయ్యాడు. ఇదే గదిలో కుర్చీ సంపాదించాడు. అంతా ఆ మూడు వేసిన మనిషి అంతు చూడ్డానికే.

వారం తిరక్కుండా పాత ఫైలు బయటికి తీశాడు.

డాక్టరు పేజీలో, మేకు తీసి గాయం శుభ్రం చేశామని మాత్రమే ఉంది. నర్సు పేజీలో, చెప్పుకి చిల్లు పడిందనీ, ఆ ముక్క కనబడలేదనీ ఉంది. కింద నంబరులో మూడు. పక్కనే పెద్దావిడ పొడి సంతకం.

డాక్టరు రాయనిది కోడు వేసేవాళ్ళు సొంతంగా వెయ్యకూడదు, నిజమే. కానీ అనుమానం వస్తే, అడుగుతూ డాక్టరుకి చీటీ పంపాలి. అది అతనికి నేర్పింది కూడా ఆవిడే. ఫైలంతా తిరగేశాడు. చీటీ లేదు.

సర్జనుగారు నోటితో చెప్పే ఉంటాడు, ఈ మహాతల్లి చెవిన పెట్టి ఉండదు. అలా తేల్చేసుకున్నాడు.

ఉద్యోగం ఊడితే చాలదు. పరువు పోవాలి.

ఆవిడ మధ్యాహ్నం టిఫిను డబ్బా కడుక్కోవడానికి వెళ్ళేటప్పుడు కంప్యూటరు తెరిచే ఉంచేది. పక్కన ఉన్నది తన దగ్గర పని నేర్చుకుంటున్నవాడే కదా అని నమ్మకం. మూడు వారాల్లో పదకొండు ఫైళ్ళలో అంకెలు మార్చేశాడు. తర్వాత ఆఫీసరు దగ్గరికెళ్ళి, పెద్దావిడకి చూపు ఆనుతున్నట్టు లేదు, ఒకసారి తనిఖీ చేయిస్తే మంచిదేమోనని ఎంతో వినయంగా చెప్పాడు.

తనిఖీలో పదకొండూ బయటపడ్డాయి.

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో కాగితమూ చూసింది. ఇవి తాను వేసినవి కావంది. అన్నీ ఆవిడ పేరు మీదే ఉన్నాయి కదా అన్నాడు ఆఫీసరు. ఆవిడ ఇంక వాదించలేదు. చేతులు జోడించింది.

“తీసెయ్యండి సార్. ముసలిదాన్నయిపోయానని రాయండి, చూపు పోయిందని రాయండి. తప్పుడు రాతలు రాసిందని మాత్రం రాయొద్దు.”

ఆఫీసరు కలం పట్టుకుని తటపటాయించాడు.

“ఉన్నది రాయకపోతే మనమూ తప్పుడు రాతలు రాసినట్టే కదా సార్,” అన్నాడు అతను నెమ్మదిగా.

ఆఫీసరు ఉన్నదున్నట్టే రాశాడు.

అతని కసి తీరింది. ఇంటికెళ్ళి, ఆ మూడు వేసినావిడ పని అయిపోయిందని చెల్లెలికి చెప్పాడు. సంతోషిస్తుందనుకున్నాడు. ఆవిడకి ఎంత వయసుంటుందని మాత్రం అడిగింది చెల్లెలు.

నాలుగు రోజుల తర్వాత, ఎన్నడూ మెట్లు దిగి ఆ గదికి రాని సర్జనుగారు వచ్చాడు. తనిఖీ చేయించమన్నది అతనేనని ఆఫీసరు చెప్పాడట.

“నాకెంత మేలు చేశావో నీకు తెలీదోయ్,” అన్నాడు.

అతనికి ఏమీ అర్థం కాలేదు.

సర్జను కుర్చీ లాక్కుని కూర్చుని, హాయిగా చెప్పుకొచ్చాడు. ఎప్పుడో ఒక పిల్ల కాల్లో చెప్పు ముక్క ఉండిపోయిందట. లోపల చూసి రాయమని పెద్దావిడ అప్పట్లోనే మూడు చీటీలు పంపిందట. చింపి అవతల పారేశాడట. పిల్లకి పాదం పోయిందని తెలిశాక ఆవిడ డాక్టర్ల మండలికి ఫిర్యాదు పెట్టి, ఆరేళ్ళుగా పట్టిన పట్టు విడవలేదట. దానికి సాక్షి కూడా ఆవిడొక్కతేనట.

“తప్పుడు రాతల మనిషని తేలాక ఆవిడ మాట ఎవరు నమ్ముతారు? పొద్దున్నే కేసు కొట్టేశారు.”



“ఆ పిల్ల... ఆవిడకేమవుతుంది?” అని అడిగాడు అతను.

“ఏమీ కాదు, ముఖమైనా చూసి ఎరగదు,” అంటూ సర్జను లేచి అతని భుజం తట్టాడు. “ఆ పిల్ల సొంతవాళ్ళే నోరు మూసుకుని ఊరుకుంటే, ఈవిడకెందుకోయ్ అంత బాధ?”