గట్టి కంపెనీ

“కెస్ట్రా కంపెనీ పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు. పెద్ద కంపెనీలవేవీ దీని కాలిగోటికి చాలవు,” అంటూ మాజీ ఫార్వర్డ్ రెండు ముక్కలైన కాంపోజిట్ హాకీ స్టిక్‌ను రిపేరర్ బల్ల మీద పెట్టాడు. “ఫైనల్లో నా మొరటు చేతికి విరిగింది. నన్ను జట్టులోంచి తీసేశారు. అతికించవయ్యా, గోడకు పెట్టుకుంటా.”

రిపేరర్ పాత టేపు విప్పాడు.

“మీ చేతి తప్పు కాదండీ. ఇది రంపంతో కోసిన గాటు. జిగురు పూసి పైన టేపు చుట్టారు.”

మాజీ ఫార్వర్డ్ పక్కకు తిరిగాడు. ఆ ఫైనల్ తర్వాత జట్టులో అతని చోటు దక్కిన బావమరిది అక్కడే నిలబడి ఉన్నాడు.

“ఆ రోజు టేపు చుట్టిచ్చింది నువ్వే కదరా?”

బావమరిది ఒక ముక్క తీసుకుని గాటు మీద వేలు పెట్టి చూశాడు.

“నువ్వన్నది నిజమే బావా, గట్టి కంపెనీ. అయిదు నిమిషాల్లో విరుగుతుందనుకున్నా. సెకండ్ హాఫ్ దాకా ఆగింది.”