క్రోధాగ్రం

"ఆధారం చాలదు. తిరస్కరించడమైనది. – నిర్వాహకులు 4."

ఎనిమిదోసారి కూడా అదే జవాబు చూసేసరికి కెప్టెన్ సుధాకరరావుకి ఒళ్ళు మండిపోయింది. సింగపూరు టాంపినీస్‌లోని తమ ఫ్లాట్ హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ నాలుగో నంబరువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు.

విషయం చూడబోతే చిన్నదే. తెలుగు పిల్లల కోసం కొందరు ఔత్సాహికులు కలిసి నడుపుతున్న 'మన భూగోళం' అనే వెబ్‌సైటు ఒకటుంది. స్కాట్లాండు వాయవ్య మూలన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కేప్ రాత్ గురించి అందులో ఒక పేజీ ఉంది. ఎవరో మహానుభావుడు ఇంగ్లీషు నిఘంటువు తెరిచి, రాత్ అంటే క్రోధం అని చూసి, 'క్రోధాగ్రం' అని తెనిగించి పారేశాడు. అక్కడ సముద్రుడు నిత్యం ఆగ్రహంతో ఊగిపోతుంటాడు కనక ఆ పేరు వచ్చిందని ఒక కథ కూడా అల్లి పెట్టాడు.

అది శుద్ధ తప్పు. పూర్వం ఆ దారిన పడవలు నడిపిన ఉత్తర సముద్రాల నావికుల భాషలో ఆ పేరుకి మలుపు అని అర్థం. పడమటి ఒడ్డు వెంట పైకొచ్చిన ఓడ తూర్పుకి తిరగాల్సిన చోటది. కోపానికీ దానికీ సంబంధమే లేదు.

సుధాకరరావు ముప్పై ఎనిమిదేళ్ళు సరుకు ఓడల మీద పనిచేశాడు. ఆ కొసని పంతొమ్మిదిసార్లు చుట్టి వచ్చాడు. నిలువునా తెగిన రాతి గోడలు, వాటి నెత్తిన లైట్‌హౌసు, చెట్టన్నది లేని బీడు, అన్నీ ఆయన కళ్ళారా చూసినవే. ఒకసారి ఆ గాలికి డెక్కు మీద నిలబడలేక రెయిలింగుని కావిలించుకుని అరగంట ఉండిపోయాడు. రిటైరయ్యాక ఆయన మాట వినే ఓడ లేదు, సిబ్బందీ లేరు. తనకి బాగా తెలిసిన ఈ ఒక్క నిజమన్నా తెలుగులో సరిగ్గా నిలబడితే చాలనుకున్నాడు. ఆ నాలుగో నంబరువాడు నిలబడనిస్తేనా!

నేను స్వయంగా చూశానని మొదటి ఉత్తరంలో రాస్తే, స్వానుభవం ఆధారం కాదన్నాడు. నౌకాయాన గ్రంథంలోంచి ఫొటో తీసి పంపితే, పేజీ నంబరు కనపడటం లేదన్నాడు. పేజీ నంబరు పంపితే, రెండో ఆధారం ఏదన్నాడు. రెండోది పంపితే, అది ఎన్నో ముద్రణో చెప్పమన్నాడు. ఒకసారైతే ఉత్తరంలో రెండు అక్షర దోషాలున్నాయి, దిద్ది పంపండన్నాడు. ప్రపంచంలోని ఏ రేవులోనూ ఏ అధికారీ సుధాకరరావుని ఇంతగా సతాయించలేదు.

"వీడెవడో హుస్సేన్ సాగర్ తప్ప వేరే నీళ్ళు చూడని కుర్రాడై ఉంటాడు, సూర్యం," అన్నాడు.

సోఫాలో కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంపుతున్న భార్య సూర్యకుమారి, అయ్యుండొచ్చంది.

"కాకినాడలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పావు. ఈ ఉత్తరం ఒక్కసారి చదువు. ఇందులో తప్పేముందో నువ్వే చెప్పు."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా తీరిగ్గా చదివింది.

"తప్పేం లేదండీ. మీరు రాసిందే రైటు."

"మరి వాడికేం రోగం?"

"ఇంకో పుస్తకమేదైనా చూపిస్తే ఒప్పుకుంటాడేమో. లైబ్రరీలో వెతక్కూడదూ?"

పక్కగదిలో ఆఫీసు పని చేసుకుంటున్న కొడుకు అభిరామ్ తలుపు తీసి చూశాడు. "లెట్ ఇట్ గో లా, డాడ్. ఆ పేజీకి టోటల్ ఫార్టీవన్ వ్యూస్. అందులో ఫార్టీ మీవే," అని మళ్ళీ తలుపేసుకున్నాడు.

ఒక్కడు చదివినా తప్పు తప్పేనని సుధాకరరావు మూసిన తలుపుకి చెప్పాడు. ఈ ఇంట్లో తన బాధ అర్థం చేసుకునేది సూర్యకుమారి ఒక్కతే అనిపించింది. పాపం, ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోకుండా వింటుంది.

ఈ గొడవలో పడి ఆయన పెట్టుకున్న మిగతా పనులన్నీ మూలపడ్డాయి. ఇంటికొచ్చిన కొత్తలో వంటింటిని ఓడలో వంటశాలలా ఒక దారికి తేవాలని నడుం కట్టాడు. డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి అకారాది క్రమంలో సర్దాడు. ఏ పూట ఏ పని ఎన్ని నిమిషాల్లో ముగియాలో రాసి ఫ్రిజ్‌కి అతికించాడు. సూర్యకుమారి స్టవ్ ముందు నిలబడితే తను పక్కన వాచీ చూస్తూ నిలబడేవాడు. ఈ రెండు నెలలుగా అటు తొంగిచూసే తీరికే లేదు. ఆ కాగితం ఫ్రిజ్ మీద ఉందో ఊడిందో కూడా ఆయనకి తెలియదు.

భార్య మాటతో మళ్ళీ హుషారొచ్చింది. ఇప్పటిదాకా పోగుచేసిన అయిదు ఆధారాలనూ పేజీ నంబర్లతో, ముద్రణ సంవత్సరాలతో వరసగా పేర్చి తొమ్మిదో ఉత్తరం తయారుచేశాడు. ప్రతి అక్షరమూ రెండేసిసార్లు సరిచూసుకున్నాడు. ఇక వాణ్ణి పుట్టించినవాడు కూడా కాదనలేడు. 'పంపు' నొక్కాడు.

అయినా ఎందుకైనా మంచిదని, ఆరో పుస్తకం వెతకడానికి సంచీ భుజాన వేసుకున్నాడు. ఇప్పుడే లైబ్రరీకి వెళ్ళి, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్టు పెట్టి కిటికీ పక్క సీటు చోప్ చేసుకోకపోతే, కాలేజీ పిల్లలు ఆక్రమించేస్తారు. భోజనానికి తనకోసం చూడొద్దని చెప్పి, చెప్పులేసుకుని లిఫ్టు వైపు నడిచాడు.

లిఫ్టు కిందికి దిగిన చప్పుడు విన్నాక, సూర్యకుమారి చేతులు తుడుచుకుని, ఫోనులో 'మన భూగోళం' తెరిచి, నాలుగో నంబరు నిర్వాహకురాలి హోదాలో ఆ తొమ్మిదో ఉత్తరాన్ని కూడా తిరస్కరించింది.